పోనిస్తారా, పోనియ్యరా: కడప అడవులకు తెలుగు గైడ్ పుస్తకం వేసిన కేస్ స్టడీ

ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ పార్కులు మూడే. గోదావరి వైపున్న పాపికొండలు తీసేస్తే మిగతా రెండూ మా కడపను తాకేవే. ఒకటి శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. 1989లో ప్రకటించారు, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రెండోది ప్రొద్దుటూరు వైపు రామేశ్వరంలో 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ నేషనల్ పార్కు. అది రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు, అయినా చట్టం దృష్టిలో రెండిటిదీ ఒకటే హోదా. వీటికి తోడు సిద్ధవటం, బద్వేలు వైపు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది. 1988 నాటిది, సుమారు 464 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఇంత అడవి పెట్టుకుని కడపలో పుస్తకాల షాపుకు పోయి అడిగితే స్థలపురాణాలు చూపిస్తారు, లేదంటే తిరుపతి గైడ్ చేతిలో పెడతారు.

నాది ఏడు రోడ్ల దగ్గర డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, స్కూలు సావనీర్లు, రిటైరైన సార్ల కవితా సంపుటాలు నా రోజువారీ పని. అచ్చు పని తెలుసు, సెలవు రోజుల్లో కొండలెక్కే అలవాటుంది. ఈ రెండూ కలిపి క్రౌన్ 1/8 సైజులో 96 పేజీల గైడ్ రాసి, సొంతంగా వేసి, సొంతంగా అమ్ముతున్నాను. ఇలాంటి పని తలపెట్టిన వాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. అందరికీ చెప్పేది ఒకచోట రాస్తే పోతుందని ఇది.

గేటు నుంచి మొదలుపెట్టడం

మామూలు టూరిస్టు గైడ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. చూడదగ్గ స్థలం, ఫోటో, ఎలా చేరుకోవాలి, ఎక్కడ తినాలి. గండికోటకో బెలుం గుహలకో ఆ పద్ధతి సరిపోతుంది, నేరుగా లోపలికి పోతారు. అడవికి అలా కుదరదు. మా ఊళ్లో ఎవరితో అడవి మాట ఎత్తినా వచ్చే మొదటి ప్రశ్న "అక్కడ ఏముంది?" అని ఉండదు, "పోనిస్తారా?" అని ఉంటుంది. దీనికి జవాబు చెప్పని గైడ్ చదువుకోవడానికి బాగుంటుందేమో గానీ జేబులో పెట్టుకుని బయల్దేరడానికి పనికిరాదు.

అందుకని ప్రతి అధ్యాయం గేటు దగ్గర మొదలవుతుంది. ఈ చోటు రిజర్వ్ ఫారెస్టా, అభయారణ్యమా, నేషనల్ పార్కా? ఏ రేంజ్ (ఫారెస్టు ఆఫీసు పరిధి) కిందికి వస్తుంది? జనం నడిచే దారి ఎక్కడిదాకా, ఆ తర్వాత ఎవరి అనుమతి కావాలి? ఏ నెలల్లో ఆపేస్తారు? ఇవన్నీ చెప్పాకే కొండ సంగతి, నీళ్ల సంగతి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చదవకుండా ఈ రకం పుస్తకం రాయకూడదని నా అభిప్రాయం. అది పెద్ద కష్టమూ కాదు, కావలసిన సెక్షన్లు నాలుగైదే. 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు పోవచ్చో చెబుతుంది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, లోపల భూమి హక్కు ఉన్నవాళ్లు, అనుమతి పొందినవాళ్లు, పబ్లిక్ రోడ్డు మీద దాటిపోయేవాళ్లు వగైరా. ఆ చివరి మాట మన పాఠకుడికి చాలా ముఖ్యం. అడవి మధ్య నుంచి పోయే రోడ్డు మీద బస్సులో పోతున్నంత సేపు మీరు చట్టం లోపలే ఉన్నారు. అదే రోడ్డు పక్కన బండి ఆపి, వంకలోకి దిగి, స్టవ్ వెలిగిస్తే లెక్క మారిపోతుంది. 28వ సెక్షన్ కింద పర్యటనకు, ఫోటోలకు, పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. నేషనల్ పార్కులకూ ఈ నియమాలు వర్తిస్తాయి. ఇదంతా రెండు పేజీల్లో, పల్లెలో అన్నకు చెప్పినట్టు రాశాను. పుస్తకంలో జనం ఎక్కువగా ఫోటో తీసి వాట్సాప్‌లో పంచుకునేది ఆ రెండు పేజీలనే. జలపాతాల బొమ్మలకు ఆ యోగం పట్టలేదు.

శేషాచలంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం, కారణం ఎర్రచందనం. ఆ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. కడప, చిత్తూరు, నెల్లూరు కొండలే దాని ఇల్లు. స్మగ్లింగ్ మీద నిఘా ఎంత గట్టిగా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. భుజాన పెద్ద బ్యాగు, చేతిలో కత్తి, చీకటి పడ్డాక తలకు లైటు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లకు అది ట్రెక్కింగ్, కొండ మీద కాపలా ఉన్నవాళ్లకు అనుమానం. "యాడికి పోతాండారు సార్? కాగితం చూపించండి" అని వాచర్ అడిగితే కోపం తెచ్చుకోవద్దని, ఆయన రాత్రంతా బేస్ క్యాంపులో నిద్రలేకుండా ఉండి ఉంటాడని పుస్తకంలో రాశాను.

ఎర్రచందనం ఆకు బొమ్మ వేయాలా వద్దా అని మిత్రుల మధ్య చర్చ జరిగింది. మూడేసి ఆకులు, గుండ్రటి కాయ చుట్టూ పల్చని రెక్క, బొమ్మ చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. వేశాను. దొంగకు నా పుస్తకం అక్కర్లేదు, ఆ చెట్టు నీడన కూర్చుని కూడా గుర్తుపట్టలేనిది మన పిల్లలే.

అనుమతితో పోయే దారి లేని చోట్లను పూర్తిగా వదిలేశాను. వాటిలో చాలా అందమైన కోనలున్నాయి. కొంతమంది ట్రెక్కర్లు అవి లేని పుస్తకం ఎవరు కొంటారని గట్టిగానే వాదించారు. దొంగదారి నేర్పే పుస్తకం ఒక్క సీజన్ అమ్ముడుపోతుంది. ఆ తర్వాత ఫారెస్టు వాళ్లు ఎవరూ మనతో మాట్లాడరు, మాట్లాడకపోతే రెండో ముద్రణ ఉండదు. నీతి పక్కన పెట్టి వ్యాపారంగా చూసినా లెక్క ఇదే.

కలివికోడి సంగతి

లంకమల పేరు ప్రపంచానికి తెలిసింది ఈ పక్షి వల్ల. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టర్ దీన్ని మొదట నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ సిద్ధవటం దగ్గర మళ్లీ కనిపెట్టాడు, స్థానికుల సాయంతో. అభయారణ్యం పుట్టిందే దానికోసం. తెలుగుగంగ కాలువ పని ఒకచోట దారి మార్చుకున్నదీ దానికోసమే. ముళ్లపొదలు మరీ చిక్కగా ఉండకూడదు, మరీ పల్చగా ఉండకూడదు, మధ్యలో ఖాళీ నేల ఉండాలి. రాత్రిపూట తిరుగుతుంది. మేకలు ఎక్కువ మేసినా, పొదలు నరికినా, అసలు మేపు లేక పొదలు కమ్ముకున్నా దానికి ఇబ్బందే.

గైడ్ రాసేవాడికి ఇక్కడ చిక్కు ఉంది. పాఠకుడు కొనేది దీని కోసం, అలాగని చోటు చెప్పకూడదు. మామూలు పక్షుల గైడ్లలో అయితే ఏ చెరువు గట్టున ఏ పిట్ట వస్తుందో రాస్తారు. నేను కలివికోడికి నాలుగు పేజీలు ఇచ్చాను. చరిత్ర, నేల స్వభావం, అది ఎందుకు తగ్గిపోయింది, పరిశోధకులు ఇసుక పట్టీలు పరిచి అడుగుజాడలతో, కూతల రికార్డింగులతో ఎలా వెతుకుతారు అన్నీ ఉన్నాయి. ఊరి పేర్లు, కాలిబాటలు, వేళలు ఇవ్వలేదు. రాత్రి టార్చ్ పట్టుకుని పొదల్లో పదిమంది తిరిగితే ఆ చుట్టుపక్కల ఏ పక్షీ నిలవదు. ఇంగ్లీషు మాట్లాడే ఒక బర్డింగ్ గ్రూపు వాళ్లు నా షాపుకు వచ్చి డబ్బులిస్తాం, లొకేషన్ చెప్పమన్నారు. టీ తాగించి పంపించాను.

కొలతలు, మ్యాపులు

నడక దూరాల దగ్గర ఎవరి మాటా పూర్తిగా నమ్మే పని లేదు. లంకమల అడవిలో శివుడి గుడి ఉన్న నిత్యపూజకోన దారిలో పూజారి చెప్పే దూరం, అంగడి వాళ్లు చెప్పేది, గొర్రెలు కాసే ఆయన చెప్పేది ఒకటి కాదు. భక్తుడికి దూరం తక్కువ చెబుతారు, లేకపోతే సగంలో తిరిగి పోతాడని. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ పెట్టి నడిచాను, కోనల్లో రెండు గోడల మధ్య సిగ్నల్ ఎగిరెగిరి పడి అదీ ఎక్కువ చూపిస్తుంది. చివరికి పుస్తకంలో కిలోమీటర్ల కంటే సమయానికే ప్రాముఖ్యం ఇచ్చాను. పిల్లలతో పోయే కుటుంబానికి ఎంత, ఒంటరిగా పోయేవాడికి ఎంత, తిరుగు దారిలో ఎండ ఏ వైపు నుంచి కొడుతుంది అని.

నీళ్ల విషయంలో మాత్రం గొర్రెల కాపరి చెప్పిందే వేదం. కార్తీకంలో నిండుగా ఉన్న గుండం వేసవికి రాళ్లు తేలుతుంది. ఏ గుండంలో ఏ నెల వరకు నీళ్లుంటాయో ఆయనకు తెలిసినంత సాటిలైటుకు తెలీదు. అలాంటి వాళ్లకు రోజు కూలీ లెక్కన డబ్బు ఇచ్చి, పేరు వేయవచ్చా అని అడిగి, ఒప్పుకున్న వాళ్ల పేర్లు మొదటి పేజీలో వేశాను. పెద్దగా చెప్పుకోవాల్సిన పనేం కాదు, కానీ మన దగ్గర చేసేవాళ్లు తక్కువ.

వానల సంగతి కూడా మ్యాపులో భాగమే. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన తర్వాత ఆ వైపు ఊళ్ల దారులు, వంతెనలు ఎలా మారిపోయాయో చూసినవాళ్లకు తెలుసు. అంతకుముందు గీసిన ఏ మ్యాపునూ అలాగే నమ్మలేం. మాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే ఒక్కోసారి ఎక్కువ భయపెడతాయి. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను కబురు వింటే వంకలు దాటే ఏ నడకా వద్దని ప్రతి అధ్యాయంలో రాశాను, చదివేవాళ్లకు విసుగొచ్చినా సరే.

మ్యాపుల చట్టం గురించి ఒక మాట. చాలామంది గూగుల్ మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసి పుస్తకంలో పెట్టేస్తారు. టూర్ గైడ్ లాంటి దారి చూపే పుస్తకాల్లో తమ మ్యాపులను ముఖ్య భాగంగా వాడకూడదని గూగుల్ నిబంధనల్లోనే ఉంది. నేను జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా తీసుకుని, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గీశాను. అది ఉచితం, కాకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లకు చెందినదని మ్యాపు కింద రాయాలి. దేశం, రాష్ట్రం సరిహద్దు వచ్చే చోట సర్వే ఆఫ్ ఇండియా గీతతో సరిపోవాలి. నలుపు తెలుపులో, 70 జీఎస్ఎం మాప్లిథో (పుస్తకాలకు వాడే మామూలు కాగితం) మీద కనబడాలి కాబట్టి ఒక్కో మ్యాపులో పది పేర్లకు మించి పెట్టలేదు. వంక, గుండం, చెక్‌పోస్ట్, గుడి, బస్సు ఆగే చోటు, అంతే. స్క్రీన్ మీద ముద్దుగా కనిపించే లేత బూడిద రంగు గీతలు మాప్లిథో మీద మాయమైపోతాయి. ఫైనల్ చేసే ముందు మామూలు లేజర్ ప్రింటర్‌లో తీసి, మా ఇంటి ట్యూబ్‌లైటు కింద కళ్లజోడు లేకుండా చూడటం నా పరీక్ష.

అచ్చు పని

డీటీపీ వాళ్లకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కంపోజ్ చేస్తే అచ్చు బాగుంటుంది గానీ రేపు దాన్ని ఈబుక్ చేయాలన్నా, సూచిక తయారు చేయాలన్నా నరకం. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే పోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసి, లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులతో ఢీకొంటాయి. పేజీలు పదహారు గుణిజాల్లో ఉండాలి. 96 అంటే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఆరు.

బైండింగ్ మీద మాత్రం రాజీ పడొద్దు. జిగురుతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ చూడ్డానికి బాగుంటుంది, వీపు మీద పేరు వస్తుంది. కానీ మే నెల కడప ఎండలో తలుపులు వేసిన కారు డ్యాష్‌బోర్డు మీద గంట ఉంచితే జిగురు మెత్తబడి పేజీలు ఊడి వస్తాయి. గైడ్ పుస్తకం ఉండేదే డ్యాష్‌బోర్డు మీద. కాబట్టి మధ్య మడత మీద పిన్నులు కొట్టే సెంటర్ పిన్ వేయించాను. 96 పేజీలకు అది ఆగుతుంది. అంతకు మించితే దారం కుట్టు చేయించాలి.

మారేది, మారనిది

ఈ పుస్తకంలో నాకు బాగా పనికొచ్చిన ఆలోచన ఒక్క కాగితం ముక్క. కొండ మారదు, ఫీజు మారుతుంది. గేటు వేళలు మారతాయి, బస్సు మారుతుంది, ఆఫీసు మారుతుంది, చివరికి జిల్లా కూడా మారుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అహోబిలం, బెలుం, రోళ్లపాడు కర్నూలు నుంచి నంద్యాలకు పోయాయి. రాజంపేట, కోడూరు వైపు అన్నమయ్య జిల్లా అయింది. ఆ తర్వాత కూడా జిల్లాల మార్పులు ఆగలేదు. జిల్లా పేరుతో అధ్యాయాలు పెట్టుకున్న పుస్తకాలన్నీ ఒక్క రాత్రిలో పాతబడ్డాయి. నేను జిల్లా పేర్లు వదిలేసి, ఏ ఊరి నుంచి బయల్దేరాలి అన్నదాన్ని బట్టి అధ్యాయాలు పెట్టాను. సిద్ధవటం సిద్ధవటమే, ఏ జిల్లాలో కలిపినా.

మారే సంగతులన్నీ ఒక విడి కాగితం మీదికి తెచ్చాను. రెండు వైపులా అచ్చు, మధ్యకు మడిచి పుస్తకంలో పెట్టేది. ఫీజులు, వేళలు, ఆఫీసు ఎక్కడుంది, పల్లెవెలుగు బస్సు ఏ పూట. కాగితం పైన నెల, సంవత్సరం పెద్దగా ఉంటాయి. పుస్తకం ఆఫ్‌సెట్‌లో ఒకేసారి వెయ్యి వేయించుకోవచ్చు, కాగితం మాత్రం ఇక్కడే డిజిటల్ ప్రెస్‌లో అప్పటికప్పుడు వందేసి తీసుకుంటాను. షాపుల్లో ఉన్న పాత కాపీల్లో కాగితం మార్చడం విసుగు పనే. కానీ రెండేళ్ల కిందటి పుస్తకం ఈ రోజు కొన్నవాడికీ ఈ నెల సమాచారం దొరుకుతుంది. ప్రతి అధ్యాయం ప్రూఫు చదివేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒకటే అడిగాను: ఐదేళ్ల తర్వాత ఇది నిజమేనా? అనుమానమొస్తే కాగితం మీదికి తోసేశాను.

డబ్బు, అమ్మకం

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉచితం. కేంద్ర ప్రభుత్వం కింద రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఇస్తుంది, మధ్యలో డబ్బులడిగే ఏజెంట్లను నమ్మొద్దు. అచ్చు పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒకటి, మరో మూడు లైబ్రరీలకు ఒక్కోటి మన ఖర్చుతో పంపాలి. మద్రాసు కన్నెమరా లైబ్రరీ వాటిలో ఒకటి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీన్ని పట్టించుకోరు. నాలుగు కాపీలతో మన పుస్తకం దేశంలో నాలుగు చోట్ల భద్రంగా ఉంటుందంటే అది చవకే.

ధర దగ్గర చాలామంది మొహమాటపడతారు. ఉదాహరణకు కాపీకి అచ్చు ఖర్చు రూ.40 అనుకుందాం. ధర రూ.100 పెడితే, విజయవాడ, హైదరాబాద్ పంపిణీదారు 45 శాతం తీసుకుంటే చేతికి వచ్చేది 55, మిగిలేది 15. రవాణా, చిరిగిన కాపీలు, ఏడాదికి గానీ రాని బాకీ అందులోంచే పోవాలి. అదే ధర రూ.160 అయితే 88 వస్తుంది, 48 మిగులుతుంది. అచ్చు ఖర్చుకు నాలుగు రెట్లు ధర లేకపోతే షాపుల ద్వారా అమ్మడం దండగ. అందుకే పెద్ద పంపిణీదారుల జోలికి పోకుండా చుట్టుపక్కలే, 25 శాతానికి, చేతిలో డబ్బు పెట్టి కొనేవాళ్లకే ఇస్తున్నాను.

కొనేది ఎవరన్నది నా అంచనాకు దూరంగా వచ్చింది. కెమెరాలు, బూట్లు వేసుకున్న ట్రెక్కర్లు యాప్‌లు చూసుకుంటారు, పుస్తకం కొనరు. కొన్నది శివరాత్రికి, కార్తీక సోమవారాలకు కోనలకు నడిచే కుటుంబాలు. ముసలమ్మ, పిల్లలు, మధ్యలో లెక్క చూసుకునే ఇంటి పెద్ద. దారిలో నీళ్లున్నాయా, మధ్యాహ్నానికి తిరిగి రాగలమా అన్నవి వాళ్ల ప్రశ్నలు. కోన మొదట్లో కొబ్బరికాయలు అమ్మే ఆయన మొదటిసారి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి "అన్నా, ఇది దేవుని పుస్తకమా, అడవి పుస్తకమా? యాడ పెట్టాల?" అన్నాడు. అరటిపళ్ల పక్కన పెట్టమన్నాను. కడప పుస్తకాల షాపులన్నీ కలిపి అమ్మిన దానికంటే ఆయన ఎక్కువ అమ్మాడు. ఒంటిమిట్ట కల్యాణానికి అంత జనంలో స్టాల్ పెడితే మాత్రం పెద్దగా పోలేదు. దర్శనానికి వచ్చినవాళ్లకు నడక పుస్తకంతో పని లేదు, జనం ఎంతమంది అన్నదానికంటే ఎందుకొచ్చారన్నదే అమ్మకం తేలుస్తుంది. రెండో వర్గం స్కూలు టీచర్లు. కలివికోడి, ఎర్రచందనం పేజీలు పాఠంలో వాడుకుంటామని కొన్నారు.

ఊరు బయటి వాళ్లకు తపాలా శాఖ పుస్తకాల కోసం పెట్టిన జ్ఞాన్ పోస్ట్ పనికొస్తోంది. 2025 మేలో మొదలైంది. 300 గ్రాముల వరకు రూ.20, దాని మీద పన్ను. మా పుస్తకం తేలిక, ఒకే కవర్లో రెండు పంపినా ఆ బరువు దాటదు. ప్రచురణకర్త పేరో ప్రింటర్ పేరో పుస్తకం మీద ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. హోటళ్ల వాళ్లు వెనక అట్ట మీద ప్రకటన ఇస్తామన్నారు, వద్దన్నాను. కారణం ఈ నిబంధన ఒక్కటే కాదు. హోటల్ డబ్బు తీసుకుని ఆ ఊళ్లో భోజనం ఎక్కడ బాగుంటుందో రాస్తే చదివేవాడు నమ్మడు.

ఈబుక్ సంగతి అడుగుతారు. కిండిల్‌లో 2016లో ఐదు భారతీయ భాషలు పెట్టారు, వాటిలో తెలుగు లేదు. పీడీఎఫ్ ఇస్తే మరుసటి రోజే వాట్సాప్‌లో తిరుగుతుంది. అందుకని పుస్తకం అచ్చులోనే, విడి కాగితం మాత్రం పీడీఎఫ్‌గా ఉచితం. చివరి అట్ట మీద క్యూఆర్ కోడ్, కింద "బస్సెక్కే ముందే దించుకోండి, కోనలో సిగ్నల్ ఉండదు" అని రాసి ఉంటుంది.

ఇప్పుడు కొందరు నల్లమల కూడా కలపమంటున్నారు. అది వేరే పుస్తకం కావాలి. 1983 నుంచి పులుల రిజర్వు, 2014 తర్వాత అవతలి సగం తెలంగాణలో అమ్రాబాద్ అయింది. అక్కడి నియమాలు వేరు, జనమూ వేరు. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలం నడిచే కన్నడ భక్తులకైతే కన్నడంలో కూడా ఒక కాగితం వేయాలి. గేటు దగ్గర ఈ నెల ఏం జరుగుతోందో కడపలో కూర్చుని నాకు తెలీదు, నెలకోసారి బస్సెక్కి పోయి చూసిరాలేను. ఆత్మకూరు, నంద్యాల వైపు వాళ్లు ఎవరైనా రాస్తే కంపోజింగ్, మ్యాపులు, ఐఎస్‌బీఎన్ పని నేను చేసిపెడతాను. పుస్తకం మీద పేరూ, వచ్చే డబ్బూ వాళ్లవే.